చార్టులో లేని స్నానాలు

వేడినీళ్ల గది తాళం ఇరవై ఆరేళ్లపాటు నా కొంగున ఉంది. మందుల గది తాళం సిస్టర్ల దగ్గర, ఆపరేషన్ గదిది హెడ్ సిస్టరుగారి దగ్గర, వేడినీళ్ల గదిది నా దగ్గర. రాజమహేంద్రవరంలో మూడంతస్తుల ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసిన నాకు భగవంతుడిచ్చిన అధికారమంతా ఆ ఒక్క తాళమే. చిన్నదే గాని, పొద్దున్న ఐదింటికి దానికున్న విలువ పెద్ద డాక్టరుగారి స్టెతస్కోపుకు కూడా ఉండేది కాదు. ఎంతటివాళ్లయినా బకెట్టు పట్టుకుని నా గుమ్మం ముందు నిలబడి, "అమ్మా, మా వంతు ఎప్పుడండీ?" అని అడగవలసిందే.

నేను బడికి వెళ్లలేదు. మా మేనత్త ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. రోజూ దేవుడి పుస్తకం చదువుకునేంత తెలుగు ఆవిడ పెట్టిన భిక్ష. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మందు డబ్బాల మీద నేర్చుకున్నాను. పోయినేడు మోకాళ్లు ఇక చాలన్నాయి, మానేశాను. ఇప్పటికీ ఆసుపత్రిలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఫోన్ చేస్తుంటారు. "మామ్మగారూ, మీరు ప్రాణం కాపాడిన కేసు ఒకటి చెప్పండి" అంటారు. ప్రాణాలు కాపాడింది డాక్టర్లు, ఆ పైన దేవుడు. మధ్యలో నేను చేసింది కుళాయి తిప్పడం. ఆ కుళాయి తిప్పడంలోనే ఒక పిల్లవాడి మీదకి ఎంత తెచ్చిపెట్టానో చెబుతాను. అడిగినందుకు వినండి.

మా దగ్గర వేడినీళ్లు ఐదు నుంచి ఏడు దాకా. ఆ తరవాత ఎవరికైనా కావాలంటే సిస్టరు చెప్పాలి, పేషెంటు చార్టులో రాయాలి. ఒంట్లో బాగాలేనివాళ్లు వేళ కాని వేళ స్నానాలగదిలో కళ్లు తిరిగి పడిపోతారని ఆ నియమం పెట్టారట. ఎందుకు పెట్టారో నేనెప్పుడూ అడగలేదు. కరెంటు ఖర్చుకు భయపడి పెట్టారనుకునేదాన్ని. అందుకే బాలింతలకూ ముసలివాళ్లకూ సిస్టరుకు చెప్పకుండా ఒక్కో బకెట్టు ఇచ్చేస్తుండేదాన్ని. అదొక పుణ్యమని నా లెక్క.

ఆ పిల్లవాడు వచ్చింది మూడేళ్ల కిందట, వానలు వెనకపట్టిన రోజుల్లో. పదిహేడేళ్లుంటాయి. ఇక్కడే ఒక కాలేజీ హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్లది భీమవరం దగ్గర పల్లెటూరు. తండ్రిగారికి పొలమూ రొయ్యల చెరువులూ ఉన్నాయి. పొడుగాటి మనిషి, తెల్లచొక్కా, చేతిలో ఎప్పుడూ ఫోను. చెరువులో నీళ్లకు గాలి కొట్టే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని గంటకోసారి కనుక్కునేవారు. తల్లి మాత్రం కొడుకు మంచం కోడు వదిలేది కాదు.

నాలుగు నెలల్లో అది మూడోసారి ఆసుపత్రిలో చేరడం. మొదటిసారి హాస్టల్ తిండి పడలేదన్నారు. రెండోసారి గ్యాస్ అన్నారు, గొంతులోంచి గొట్టం వేసి చూశారు, ఏమీ లేదు. మూడోసారి మా దగ్గరికి వచ్చేసరికి పిల్లవాడు ఎండిన తామరతూడులా ఉన్నాడు. ఏది తాగినా వాంతి. ఏదీ తాగకపోయినా వాంతి. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకునేవాడు.

చేరిన రోజు మధ్యాహ్నమే వేడినీళ్ల గది దగ్గరికి వచ్చాడు. చేతికి సెలైను సూది, దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టుకున్నాడు.

"మామ్మగారూ, ఒక్క బకెట్టండి. బాగా మరిగినవి."

"మరిగినవా! ఈకలు పీకడానికి కోడిని ముంచేవాళ్లు అడుగుతారు నాయనా అలాంటి నీళ్లు."

నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే గోడ పట్టుకుని వంగిపోయాడు. "కోడిననుకోండి మామ్మగారూ. ఇవ్వండి."

ఇచ్చాను. సాయంత్రం మళ్లీ వచ్చాడు. మర్నాడు మూడుసార్లు. "సిస్టర్‌కి చెప్పకండి మామ్మగారూ, తిడతారు" అన్నాడు. "చెప్పనులే" అన్నాను. ఆ మాట ఇచ్చేటప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో! నా మనవడి వయసువాడు నన్నే నమ్ముకున్నాడు.

తల్లిని అడిగాను, "ఏమ్మా, బాబుకి ఇన్ని స్నానాలేంటి?" అని.

"మావాడికి ఈమధ్య శుభ్రం ఎక్కువైందండి పిన్నిగారూ. ఇంటికొచ్చినా రోజుకి నాలుగు స్నానాలు. వాళ్ల తాతగారు మూడుపూటలా స్నానం చేసి దేవుడి గదిలోకి వెళ్లేవారండి. ఆ పోలిక దిగింది" అంది, ఆ కష్టంలోనూ కాస్త గర్వంగా.

నాకూ కళ్లు చెమర్చాయి. ఈ కాలంలో ఇంత మడి ఉన్న పిల్లవాడా అని ఆ తల్లి కడుపుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. అమ్మాయిలూ, నవ్వకండి. మడి స్నానం చన్నీళ్లతో చేస్తారు. కార్తీకంలో వణుకుతూ గోదారిలో మునిగేదాన్ని, ఆ సంగతి నాకు తెలియదా? చర్మం ఊడిపోయేంత వేడినీళ్లు అడిగేవాడిది భక్తి కాదని డాక్టరుకు తట్టకపోవచ్చు, నాకు తట్టాలి. తట్టలేదు. మంచివాళ్లను చూడాలనే ఆశ ఉన్న కళ్లకు ఎదుట ఉన్నది కనపడదు.

మూడోరోజు పెద్ద డాక్టరుగారు రౌండ్సుకు వచ్చి పిల్లవాడి చొక్కా ఎత్తారు. కడుపు మీద ఎర్రగా, వలలా, కందిపోయి ఉంది.

"ఇదేంటి? నిన్న ఏ ఇంజెక్షన్ మొదలుపెట్టాం?"

ఆ పూట వార్డులో ఉన్నది ఉప్పాడ నుంచి వచ్చిన అమ్మాయి. ఇరవై మూడేళ్లు, మొదటి ఉద్యోగం. నాన్నది చీరల మగ్గం. వాళ్ల వీధిలో సగం సముద్రంలో కలిసిపోయిందని, ఈ జీతంతోనే ఇల్లు వెనక్కి జరుపుకోవాలని చెబుతుండేది. పేరున్నా అందరమూ ఉప్పాడ సిస్టరనే పిలిచేవాళ్లం.

"టెస్ట్ డోస్ వేశావా?" అన్నారు హెడ్ సిస్టరుగారు.

"వేశానండి."

"వేస్తే ఇదేంటి? కళ్లు ఎక్కడ పెట్టుకుని చూశావు?"

"అప్పుడేమీ రాలేదండి, నిజమండి, రాశాను కూడానండి..."

"రాయడం అందరికీ వచ్చు. చూడడమే రాదు."

ఆ ఇంజెక్షన్ ఆపేశారు. ఆ అమ్మాయిని వార్డు నుంచి తీసేసి కింద ఓపీలో కూర్చోబెట్టారు, సంజాయిషీ రాసిమ్మన్నారు. ఇదంతా జరుగుతుంటే నేను పక్క మంచం దగ్గర దుప్పటి మారుస్తున్నాను. ఆ ఎరుపు మందుది కాదని, నీళ్లదని నాకు తెలుసు. అన్నం వార్చే ఆడదాన్ని, చేతి మీద వేడి పడితే చర్మం ఎలా కందుతుందో నాకు ఒకరు చెప్పాలా? కాని చెబితే బకెట్ల సంగతి బయటికి వస్తుంది. కాస్త గొడవ చల్లారాక హెడ్ సిస్టరుగారి చెవిన వేద్దాంలే అనుకున్నాను. చల్లారాక మరిచిపోవడం తేలికని నా మనసుకు ముందే తెలుసు కాబోలు.

నాలుగోరోజు మధ్యాహ్నం డ్యూటీ డాక్టరు ఆ మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. సామర్లకోట కుర్రవాడు, రోజూ రైల్లో వచ్చి వెళ్లేవాడు. చదువు పూర్తయి ఏడాది కూడా కాలేదు. సిస్టర్ల బల్ల దగ్గరికి వచ్చి అడిగాడు:

"సిస్టర్‌గారూ, ఈ అబ్బాయి రోజుకి ఎన్నిసార్లు స్నానం చేస్తున్నాడండి?"

హెడ్ సిస్టరుగారు నవ్వారు. "డాక్టరుబాబూ, కడుపులో నెప్పికీ స్నానానికీ ఏంటండీ చుట్టరికం? రైల్లో సీటు దొరక్క నిద్ర చాల్లేదా ఏంటి?"

"చెప్పండి, ప్లీజ్."

ఆవిడ చార్టు తిప్పారు. "ఒకటి. పొద్దున్న."

ఆయన నావైపు చూశాడు. నా చేతుల్లో ఉతికిన దుప్పట్లున్నాయి. "అంతేనా అమ్మా?"

"చార్టులో ఉందిగా బాబూ" అన్నాను.

అబద్ధం ఆడకూడదని మా మేనత్త నేర్పింది. అబద్ధం ఆడకుండానే నిజం ఎలా దాచాలో నా అంతట నేనే నేర్చుకున్నాను.

ఆ సాయంత్రానికి రిపోర్టులు వచ్చాయి. కిడ్నీ అంకె ఉండవలసినదానికి మూడింతలైంది. ఒంట్లో పొటాషియం పడిపోయింది. స్కానింగులో పేగు ఒకచోట వాచినట్టు అనుమానంగా ఉందట. ఇంకా ఆలస్యం చేస్తే పేగు కుళ్లిపోతుందేమోనని, మర్నాడు పదకొండింటికి కడుపు తెరిచి చూద్దామని పెద్ద డాక్టరుగారు చెప్పారు. తండ్రి తల ఊపారు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు పొద్దున్న దీపం పెట్టి చదువుకోవడానికి కూర్చున్నాను. నలభై ఏళ్లుగా నోటికి వచ్చిన నామాలు సగంలో ఆగిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగాయి. దేవుడు నాతో మాట్లాడాడని చెప్పను, అంత గొప్పదాన్ని కాదు. నోరు తిరగలేదంతే.

ఎనిమిదింటికి ఆపరేషన్ గౌను ఇవ్వడానికి వెళ్లాను. పిల్లవాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మామ్మగారూ, లోపలికి తీసికెళ్లేముందు ఒక్కసారి. నీళ్లు పోసుకున్నంతసేపే వాంతి రాదండి. బయటికొస్తే మళ్లీ వస్తుందండి. ఒక్కసారి."

ఇన్ని రోజుల్లో ఆ ముక్క నేను అడగలేదు, వాడు చెప్పలేదు. నిన్న ఆ కుర్ర డాక్టరు స్నానాల గురించి ఊరికే అడగలేదని అప్పుడు తెలిసింది. ఆయనకేదో తెలుసు. ఆయనకు కావలసింది నా దగ్గర ఉంది.

వరండాలో రౌండ్సు వస్తోంది. పెద్ద డాక్టరుగారు ముందు, హెడ్ సిస్టరుగారు పక్కన, కుర్ర డాక్టరు వెనక. అడ్డం వెళ్లి నిలబడ్డాను. ఇరవై ఏళ్లకు పైగా ఆయన నడిచే దారిలోంచి తప్పుకోవడమే నా పని.

"అయ్యా, ఒక్క మాటండి."

"ఏంటమ్మా? తరవాత."

"తరవాతంటే కోసేస్తారు కదండీ."

అందరూ ఆగారు.

"ఆ పిల్లవాడు చేసేది ఒక్క స్నానం కాదండి. నిన్న ఆరు. మొన్న ఐదు. మరిగే నీళ్లు. నేనే ఇచ్చానండి, ఎవరికీ చెప్పలేదు. కడుపు మీద ఎరుపు ఇంజెక్షన్‌ది కాదండి, నీళ్లది. ఆ ఉప్పాడ పిల్ల తప్పేమీ లేదండి."

"ఆరా!" అన్నారు హెడ్ సిస్టరుగారు. ఆ ఒక్క మాటలో నా ఇరవై ఏళ్ల ఉద్యోగం ఊడిపోవడం కనిపించింది.

కుర్ర డాక్టరు ముందుకొచ్చాడు. "నీళ్లు పోసుకున్నంతసేపూ వాంతులు ఆగుతున్నాయా అమ్మా?"

"ఆగుతున్నాయట బాబూ. ఇప్పుడే చెప్పాడు. బయటికొస్తే మళ్లీ మొదలట."

ఆయన పెద్ద డాక్టరుగారితో ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పాడు. నాకు అర్థం కాలేదని గమనించి, పాపం, తెలుగులో అన్నాడు. "గంజాయి అమ్మా. కొంతమందికి రోజూ తాగగా తాగగా ఇలాగే పట్టుకుంటుంది. మందులకి వాంతులు తగ్గవు. వేడినీళ్లకి మాత్రం తగ్గుతాయి. అయితే ఆ వేడికి చెమట పట్టి, ఒంట్లో మిగిలిన నీరు కూడా పోతుంది. కిడ్నీల మీదికి వస్తుంది."

ఆఖరి మాటలు నన్ను తిట్టడానికి అన్నవి కావు. తిట్టినా అంత తగిలేది కాదు. నేను పుణ్యం అనుకుని ఇచ్చిన ఒక్కో బకెట్టూ వాడి కిడ్నీల మీద పోశాను.

పెద్ద డాక్టరుగారు గడియారం చూసుకున్నారు. "అబ్బాయి నిజం ఒప్పుకుంటే ఆపరేషన్ ఆపుదాం. తల్లిని బయటికి పంపండి."

కాఫీ తెచ్చుకోమని తల్లిని పంపించాము. నేనూ బయటికి వెళ్లబోతుంటే కుర్ర డాక్టరు "మీరుండండి, మీరంటే వాడికి చనువు" అన్నాడు. మంచం మీద కూర్చుని, మామూలుగా, సినిమాకి వెళ్లావా అన్నట్టు అడిగాడు. "గంజాయి ఎప్పట్నుంచి తాగుతున్నావు?"

"అలాంటివేం లేవు సార్."

"నేను పోలీసుని కాదు. నీ కడుపు కొయ్యాలా వద్దా అని అడుగుతున్నాను."

పిల్లవాడు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. తరవాత అన్నాడు, "నాన్నగారికి చెబుతారా?"

అదే జవాబు. ఇక మిగిలింది ఒక్కొక్కటే వచ్చింది. ఫస్టియర్‌లో హాస్టల్లో మొదలైందట. మొదట ఆదివారాలు, తరవాత రోజూ, ఈ ఏడాది రోజుకు నాలుగైదుసార్లు. రోజూ మధ్యాహ్నం కొబ్బరిబొండం పట్టుకుని చూడటానికి వచ్చే స్నేహితుడే ఇక్కడికీ తెచ్చిస్తున్నాడు. గాలి కోసమని ఇద్దరూ మేడమీద బట్టలారేసే చోటికి వెళ్లేవారు. ఆ బొండం తెచ్చే పిల్లవాణ్ణి కూడా నేను "బంగారుకొండ" అనేదాన్ని.

"అది తాగితే కడుపు కాస్త నెమ్మదిస్తుందండి, అందుకే..."

"నెమ్మదిస్తుందని నువ్వనుకుంటున్నావు. వాంతులు తెప్పించేదే అది."

"గంజాయితో వాంతులు తగ్గుతాయని అందరూ అంటారు సార్."

"ఆ అందరూ ఎక్కడ? ఈ మంచం మీద ఉన్నది నువ్వొక్కడివే కదా."

పిల్లవాడు నావైపు తిరిగాడు. "చెప్పనన్నారు కదా మామ్మగారూ."

మాట ఇచ్చాను, తప్పాను. ఇవ్వకుండా ఉండవలసిన మాట.

తండ్రితో తనే చెబుతానని, డాక్టరు పక్కన ఉండాలని అడిగాడు పిల్లవాడు. తండ్రినీ పెద్ద డాక్టరుగారినీ పిలిచాక రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఆయన కొట్టలేదు, అరవలేదు. ఫోను జేబులో పెట్టుకున్నారు. అన్నిరోజుల్లో ఆయన చేతిలో ఫోను లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మా ఇంట్లో చుట్ట వాసన కూడా ఉండదండి" అన్నారు పెద్ద డాక్టరుగారితో. గొంతు తగ్గించి, "ఆపరేషన్ చేసేయండి" అన్నారు.

"దేనికండీ? ఇప్పుడు అవసరం లేదంటున్నాం కదా."

"అపెండిక్స్ అని రాయండి. ఎలాగూ అందరికీ ఉండేదే కదండీ, తీసేయండి. కడుపు కోశారంటే ఊళ్లో అయ్యోపాపం అంటారండి. ఇదని తెలిస్తే మా వీధిలో మేం తలెత్తుకోలేమండి. రేపు వీడి చెల్లెలుంది. ఆయ్, మీకు తెలియందేముందండి."

పెద్ద డాక్టరుగారు కోపిష్టి మనిషి. ఆ రోజు మాత్రం అలసటగా అన్నారు. "మీ పరువుకి కుట్లు వెయ్యడం నాకు రాదండి."

"అయితే మేం వేరే ఊరు తీసుకుపోతాం. ఏలూరైనా సరే, విశాఖపట్నమైనా సరే. డిశ్చార్జి రాసేయండి."

"పొటాషియం ఇంత తక్కువలో కారెక్కిస్తే దారిలో గుండె ఆగొచ్చండి. రాసిమ్మంటే రాసిస్తాను, ఆపలేను. తెలిసి తీసుకెళ్లండి."

తండ్రి కొడుకు బట్టల సంచి తీసుకున్నారు. నిజంగానే తీసుకున్నారు. తువ్వాలు, చెప్పులు అందులో పడేశారు. అప్పుడు కాఫీ ఫ్లాస్కుతో తిరిగొచ్చిన తల్లి గుమ్మంలో నిలబడింది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలియదు. లోపలికొచ్చి, సంచి ఆయన చేతిలోంచి లాక్కుని, మంచం కిందికి తోసింది.

"మీరెళ్లండి. చెరువులు చూసుకోండి. ఊళ్లో అడిగితే నేను చచ్చానని చెప్పండి, నాకేం ఇబ్బంది లేదు. వాడు మాత్రం ఇక్కణ్ణుంచి కదలడు."

ఆయన వెళ్లారు. వెళ్లి ఆసుపత్రి ఎదురుగా కారులోనే కూర్చున్నారు, మధ్యాహ్నం దాకా.

వైద్యం ఏమిటనుకున్నారు? సెలైను, పొటాషియం, మనసు జబ్బులకు వాడే ఇంజెక్షన్ ఒకటి కొద్ది మోతాదు. ఇంకొకటి, మోకాళ్ల నొప్పులకు రాసుకునే మిరపమంట ఆయింట్‌మెంటు. అది కడుపు మీద రాయమన్నాడు కుర్ర డాక్టరు. కందిన చోటు వదిలేసి మిగతా చోట పలచగా రాశారు. ఆ చర్మపు మంట వేడినీళ్లు చేసే పనే చేస్తుందట. "కోడికి కారం కూడా రాస్తున్నారా మామ్మగారూ" అన్నాడు పిల్లవాడు. నాతో మాట్లాడాడు, అది చాలు. ఆ స్నేహితుణ్ణి మళ్లీ పైకి రానివ్వలేదు. రెండోరోజుకు పలచటి జావ నిలిచింది. ఐదోరోజుకు కిడ్నీ అంకె కిందికి దిగింది. ఆ రిపోర్టు కాగితం కళ్లకద్దుకున్నాను, సిస్టర్లు నవ్వితే నవ్వారు.

ఓపీలో ఉన్న ఉప్పాడ సిస్టరు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. క్షమించమన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "మీ జాలి పేషెంటుకి, తిట్లు నాకు. భలే పంచారండి ఆయమ్మగారూ" అంది. తరవాత రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం. హెడ్ సిస్టరుగారు మాత్రం నన్ను గదిలోకి పిలిచి ఒకటే మాట అన్నారు: "ఇకమీదట జాలి చూపించాలంటే చార్టులో చూపించు." ఉద్యోగం ఉంచారు. ఆవిడకు నేను రుణపడ్డాను. అప్పట్నుంచి అడిగినవాళ్లకి నీళ్లిచ్చాను, ఇచ్చిన ప్రతిదీ సిస్టరుకు చెప్పి రాయించాను. మీరూ అలాగే చేయండి. పేషెంటు ఎన్నిసార్లు లేచాడో, ఏం అడిగాడో, ఎవరు చూడవచ్చారో డాక్టరుకంటే ముందు తెలిసేది బకెట్టు మోసేవాళ్లకు. అది చిన్న సంగతో పెద్ద సంగతో తేల్చే చదువు మనకు లేదు. చెప్పేసి ఊరుకోండి.

పిల్లవాడు ఇంటికెళ్లాడు. మానేస్తానన్నాడు. అందరూ అంటారు. ఆ తరవాత వాడి సంగతి నాకు పూర్తిగా తెలియదు. ఇంకొక్కసారి చూశాను, అంతే.

మాఘమాసం. సోమవారం పొద్దున్న, కింద హాలు కిటకిటలాడుతోంది. చక్రాల కుర్చీ తేవమంటే తీసుకెళ్లాను. కౌంటరు ముందు ఆ తండ్రి. పక్కనే కొడుకు, ప్లాస్టిక్ తొట్టె మీద వంగి ఉన్నాడు. మళ్లీ అదే. ఇంతా చేసి మళ్లీ ఇదేనా స్వామీ అనుకున్నాను.

లైనులో వాళ్ల వెనక ఉన్నాయన తండ్రి భుజం తట్టారు. "ఏంటి బావగారూ, మీరిక్కడ? అబ్బాయికేంటండీ?" మాట తీరు చూస్తే పక్క ఊరివారిలా ఉన్నారు. బాగా తెలిసినవారే.

అప్పుడే కౌంటరులో అమ్మాయి కూడా అడిగింది. "ప్రాబ్లం ఏంటండీ? ఏ డాక్టరుగారికి రాయమంటారు?"

తండ్రి ఆ అమ్మాయిని చూశారు, వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు. గ్యాస్ అంటారనుకున్నాను. నేనైతే అదే అనేదాన్ని.

"గంజాయి అలవాటండి మావాడికి" అన్నారు. హాలంతా వినపడింది. "రెండు నెలలు మానేడండి. పదిరోజులై మళ్లీ తాగుతున్నాడు. నిన్నట్నుంచి వాంతులు. సామర్లకోట డాక్టరుగారికి రాయండి, ఆయనకి తెలుసు."

వెనకాయన వంగి, కింద పడిపోయిన తువ్వాలు తీసి తండ్రి చేతికిచ్చారు. ఈసారి స్కానింగు లేదు, గొట్టాలు లేవు, కత్తి లేదు. పది నిమిషాల్లో కుర్ర డాక్టరు కిందికి దిగి వచ్చి చెయ్యి పట్టుకుని చూశాడు, పైకి తీసుకురమ్మన్నాడు.

నేను కుర్చీ తోస్తున్నాను. తండ్రి పక్కన నడుస్తున్నారు, తొట్టె ఆయనే పట్టుకున్నారు. లిఫ్టు కోసం ఆగినప్పుడు పిల్లవాడు తలెత్తకుండానే అన్నాడు.

"అంత గట్టిగా చెప్పారేంటి నాన్నా?"

ఆయన లిఫ్టు తలుపువైపే చూస్తున్నారు.

"మెల్లిగా అంటే నాకే వినపడట్లేదురా" అన్నారు.